వెనక్కి చాచిన చెయ్యి

మొన్న రాజాం సంతలో నేను కాకరకాయ దొంగనయ్యాను.

జరిగింది ఇది. ఉల్లిపాయల రాశి దగ్గర వంగి, ఏది కుళ్ళిందో ఏది కుళ్ళలేదో ఏరుకుంటున్నాను. నా వెనక వరసలో ఒక ముసలమ్మ ఎవరికో కాకరకాయలందిస్తూ "ఇందా" అంది. నాతో కాదు. అయినా నా ఎడమ చెయ్యి నన్నడక్కుండా వెనక్కి వెళ్ళిపోయింది. మోచెయ్యి తిన్నగా, అరచెయ్యి పైకి, బొటనవేలు విడిగా. ఎదురుగా చాచిన చెయ్యి కనబడితే పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఒక కాయ అందులో పెట్టింది. పిడికిలి మూసుకుంది. కాళ్ళు కదిలాయి. యాభై దాటినవాణ్ణి, పొట్ట ఉన్నవాణ్ణి, అదే ఊళ్ళో స్టీలు సామాన్ల కొట్టున్నవాణ్ణి, అరటి గెలల బండి దాకా పరిగెత్తాను.

"ఓలమ్మ, సావుకారు కాకరకాయట్టుకుని పారిపోతన్నాడు సూడండే" అని వెనక కేక.

నేను తిరిగి చూడలేదు. చూడకూడదు. అలా నేర్పిన మనిషి పోయి ఇంకా సంవత్సరీకం కాలేదు.

ఇదే సంగతి మా కొట్టు దగ్గర చెప్పినప్పుడు కాకరకాయ ఆనపకాయైంది, పరుగు బస్టాండు దాకా సాగింది, వెనక ఒక కానిస్టేబులు కూడా పడ్డాడు. నా నోటి సంగతి మా ఊరివాళ్ళకి తెలుసు. ఏ కథైనా నా కొట్టులోకి చెంబులా వచ్చి బిందెలా వెళుతుంది. ఆ మనిషి మీద కూడా నేను అలాంటివి చాలా అల్లాను. వాన మొదలైన చోటునుంచి పరుగందుకుంటే ఆయన తడవకుండా ఇల్లు చేరేవాడని, వాన వాకిట్లో నిలబడి ఎగపోస్తూ ఉండేదని ఒకటి. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం దాకా బస్సుతో పందెం వేసి గెలిచాడని ఇంకొకటి. బస్సు సంగతి నిజమే. దారిలో దాని టైరు పోయింది, అంతే. కాగితం మీదకొచ్చేసరికి మాత్రం ఆయన గురించి బిందె చెయ్యడానికి చెయ్యి రావడం లేదు. చెంబులాగే ఇస్తాను.

ఆయన మా హైస్కూల్లో వ్యాయామం మేష్టారు. అందరం మేష్టారనే అనేవాళ్ళం. పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ బతికి లేరు, ఇప్పుడు నేను మొదలెడితే బాగోదు.

నల్లగా, ఎండిన తాటిమట్టలా ఉండేవాడు. మెడలో విజిల్ వేలాడేది గాని ఊదగా విన్నవాళ్ళు తక్కువ. కుడి చేతిలో ఎప్పుడూ ఒక కర్ర. బెత్తం కాదు. రిలే పరుగులో ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి మారే బ్యాటన్. ఇప్పటివాళ్ళవి అల్యూమినియం గొట్టాలు. ఆయనది చెక్కది, ఒకప్పుడు ఎర్ర రంగు వేసింది. పట్టి పట్టి రంగంతా ఆయన అరచేతిలోకి పోయిందని అనుకునేవాళ్ళం. బజారుకెళ్ళినా అదుండేది, పెళ్ళికెళ్ళినా ఉండేది. అన్నం తినేటప్పుడు చంకలోకి వెళ్ళేది. అక్షింతలు ఎడమ చేత్తోనే వేసేవాడు, పెళ్ళివారు మొహాలు చిట్లించుకున్నా సరే. మాకు సాధనకి వేరే కర్రలిచ్చేవాడు. ఆ ఎర్ర కర్రని మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి స్టాఫ్ రూములో లెక్కల మేష్టారు వేళాకోళానికి లాక్కోబోతే, ఏడుస్తున్న పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని బయటికి నడిచాడు.

గ్రౌండంటే పెద్ద గ్రౌండు కాదు. సున్నంతో గీతలు గీస్తే సాయంత్రానికి గేదెలు తొక్కి చెరిపేసేవి. కోతలయ్యాక రైతులు సగం గ్రౌండులో వడ్లు ఆరబోసేవారు. మేష్టారు ఏమీ అనేవాడు కాదు. మిగిలిన సగంలోనే పరిగెత్తించేవాడు. ఆయనకి పరుగు మీద పెద్ద పట్టింపు లేదు. ఆయన పట్టింపంతా కర్ర చేతులు మారే ఆ కొంచెం జాగా మీదే.

"కాలు కుక్కకీ ఉంటాదిరా. ఇచ్చుకోడం, పుచ్చుకోడం మనిసికే ఉంటాది" అనేవాడు.

పద్ధతి ఇది. అందుకోవలసినవాడు ముందే పరుగు మొదలెట్టాలి. వెనక్కి తిరగకూడదు. వెనకనుంచి వచ్చేవాడు దగ్గరికొచ్చి "ఇందా" అనాలి. అన్నాక చెయ్యి వెనక్కి చాచాలి, కర్ర తగలగానే పట్టుకోవాలి. మాట వినబడకుండా ఏది తగిలినా పిడికిలి మూయకూడదు. పక్క గీతలోవాడి కర్ర తగలొచ్చు, మోచెయ్యి తగలొచ్చు. "అది సెయ్యి కాదురా, పిట్టగూడు. పిట్ట కూసి మరీ వొస్తాది. కూత ఇనకుండా తలుపేస్తే గూట్లోకి ఏటొస్తాదో నీకేటి తెలుసు" అనేవాడు.

ఏటొస్తాదో ఆయనే చూపించేవాడు. మమ్మల్ని వరసగా చేతులు వెనక్కి పెట్టి నిలబెట్టి, చప్పుడు లేకుండా వెనక నడుస్తూ, అరచేతుల్లో ఏదో ఒకటి ఆనించేవాడు. చీపురుపుల్ల, సుద్దముక్క, పచ్చిమిరపకాయ, ఒకసారి బతికున్న కప్ప. మూశామో, గ్రౌండు చుట్టూ పరుగే. మూయకుండా నిలబడితే ఏమీ అనేవాడు కాదు. ఎర్ర కర్రతో తన తొడమీద ఒక్కసారి తట్టుకునేవాడు. టక్. ఆ చప్పుడే మాకు శెభాష్. దానికి మించి ఆ నోటినుంచి ఇంకేమీ రాలేదు. కప్ప పెట్టినప్పుడు నా చెయ్యి మూసుకోలేదు. అదక్కడే కూచుని, కాసేపు ఆలోచించుకుని, దూకి వెళ్ళిపోయింది. వెనకనుంచి టక్ అని వినబడింది. ఆ కప్ప వచ్చేటప్పుడు చొక్కా వేసుకుని ఉందని కొట్టులో చెబుతాను గాని, టక్ అన్నది మాత్రం అబద్ధం కాదు.

ఇంకో చిక్కుంది. నలుగురి రిలేలో ఒకటోవాడు కుడిచేత్తో కర్ర పట్టుకుంటాడు. రెండోవాడు ఎడమ చేత్తో అందుకుంటాడు. మూడోవాడు కుడి, నాలుగోవాడు మళ్ళీ ఎడమ. నేను నాలుగోవాణ్ణి. మన ఇళ్ళల్లో ఎడమ చెయ్యి చాస్తే ఏమవుతుందో తెలుసుగా. బెల్లంముక్క కోసం ఎడమ చెయ్యి పెడితే మా నాయనమ్మ అట్లకాడతో కొట్టేది. అలా పుట్టినప్పటినుంచీ దెబ్బలు తిన్న చెయ్యి, పందెంలో వెనక అడుగులు దగ్గరకొచ్చేసరికి ముడుచుకుపోయి, కుడి చెయ్యి వెళ్ళిపోయేది. రెండోవాడిదీ అదే గతి.

దానికి మేష్టారు చెప్పిన వైద్యం ఏమిటంటే, కొన్నాళ్ళు మేమిద్దరం ఏది పుచ్చుకున్నా ఎడమ చేత్తోనే పుచ్చుకోవాలి. ఎవరిచ్చినా. ఎక్కడైనా. గుళ్ళో నేను తీర్థానికి ఎడమ చెయ్యి చాస్తే పూజారిగారు ఉద్ధరిణ గాలిలోనే ఆపేసి, నాకేదైనా పూనిందేమోనని మా నాన్న వైపు చూశారు. మేనత్త కూతురి పెళ్ళిలో తాంబూలం కూడా అలాగే అందుకోబోయాను. ఆ సాయంత్రం మా నాన్న గ్రౌండుకొచ్చాడు. నాన్న కొట్టు దిగి రోడ్డు దాటడమే అరుదు. అలాంటిది చెప్పుల్లో దుమ్ము పోసుకుంటూ గ్రౌండంతా అడ్డంగా నడిచొచ్చాడు.

"మేష్టారూ, నలుగుర్లో నా పరువు తీసీసినాడండి మా వాడు. ఇదేటి సదువు" అన్నాడు.

మేష్టారు అంతా విన్నాడు. అడ్డు చెప్పలేదు. నాన్న అలిసిపోయి, ఇక పోదామని వెనుదిరిగాక, జేబులోంచి ఒక జాంకాయ తీసి వెనకనుంచి "ఇందా" అన్నాడు. నాన్న గిరుక్కున తిరిగి కుడి చెయ్యి చాచాడు. ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి మరీ. పెద్దవాళ్ళ దగ్గర అలాగే పుచ్చుకోవాలని మా అందరికీ నేర్పింది ఆయనే.

"సూసినారా సావుకారూ. మీరు మంచోరు. మంచోడి సేతిలో కర్ర పడిపోద్ది" అన్నాడు మేష్టారు.

అంటున్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. నాన్న జాంకాయ పట్టుకుని చాలాసేపు ఆయన్నే చూశాడు. ఇంటికొచ్చాక ఆ సంగతి ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న కొట్టు తాళాలిస్తూ నేను కుడి చెయ్యి చాస్తే కసిరి, తనే నా ఎడమ చేతిలో పెట్టాడు.

మొత్తానికి పలాసలో పోటీలకి వెళ్ళాం. మా మూడోవాడు కోటబొమ్మాళి వైపువాడు, పాలు పితికే చేతులు, గుప్పెట బిగిస్తే విడదీయలేం. ఇప్పుడు ఆర్టీసీలో డ్రైవరు. వాడి "ఇందా" వినబడింది, నా ఎడమ చెయ్యి వెళ్ళింది, కర్ర అందులో పడింది, పరిగెత్తాను. మేం మూడో స్థానంలో వచ్చాం. కొట్టులో మొదటి స్థానం. మేష్టారు స్థానం సంగతి అడగనేలేదు. గీత దాటాక మేం రొప్పుతుంటే వచ్చి, నా ఎడమ అరచెయ్యి తిప్పి చూసి, "ఎప్పుడు మూసినావురా?" అన్నాడు. మాట విన్నాకనే అన్నాను. టక్ అని తట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణం పాసింజరులో. కోటబొమ్మాళి స్టేషను వచ్చింది. పోటీలకి ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అక్కడ బండి ఆగితే మేష్టారు దిగేవాడు. కర్ర పట్టుకుని ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకి నడిచి, నీళ్ళ కుళాయి దగ్గర కాసేపు నిలబడి, బండి కదులుతుంటే ఎక్కేవాడు. టీ కోసమనుకునేవాళ్ళం. టీ తాగగా ఎవరూ చూడలేదు. ఆ రోజు ఏదో ఎక్స్‌ప్రెస్సుకి దారివ్వాలని మా బండిని ఆపేశారు. మూడో స్థానం వచ్చిన పొగరు కదా, నేనూ ఆయన వెనకాలే దిగాను. పొద్దు వాలుతోంది. కుళాయి దగ్గర ఆయన పక్కన నిలబడి, ఎవరి కోసం మేష్టారూ అనడిగాను.

చెబుతాడనుకోలేదు. చెప్పాడు, కుళాయితో చెప్పినట్టు, నా వైపు చూడకుండా.

ఆయన చదువుకునే రోజుల్లో రిలేలో మూడోవాడు. నాలుగోవాడు ఆయన తమ్ముడు. సాధనలో తమ్ముడు ఎడమ చేత్తో బాగానే అందుకునేవాడు. పోటీనాడు, అంతమంది జనంలో, వెనకనుంచి అన్న గొంతు వినేసరికి ఆ కుర్రాడికి గ్రౌండు మరుపొచ్చి, అమ్మ నేర్పింది గుర్తొచ్చింది. అన్న దగ్గర అలా పుచ్చుకోకూడదు. తిరిగి, ఒళ్ళు కాస్త వంచి, ఎడమ చెయ్యి మోచేతికి ఆనించి, కుడి చెయ్యి చాచాడు. ప్రసాదం పుచ్చుకున్నట్టు. కర్ర వాడి మోచేతికి తగిలి కింద పడింది.

"పడితే పడ్డాది. నానది తీసుకుని, అందరి ముందరా ఆణ్ణి సెంప మీద కొట్టేనురా. ఎడం సేత్తో కొట్టేను. కుడి సేతిలో ఇదున్నాది" అన్నాడు.

ఆ సాయంత్రం తిరిగొస్తుంటే బండి ఇక్కడే ఆగింది. నీళ్ళు తాగొస్తానని తమ్ముడు దిగాడు. బండి కదిలింది. వాడు ఎక్కలేదు. పక్క పెట్టెలో ఎక్కాడేమోననుకున్నారు. ఆ తరవాత ఖరగ్‌పూర్ దాకా వెతికాడట మేష్టారు. బతికున్నాడని గాని పోయాడని గాని ఎవరూ చెప్పలేదు.

మరి ఆ కర్ర ఎందుకుంచుకున్నారు అన్నాను.

"ఇది ఒకల సేతికి ఎల్లాల్రా. 'ఇందా' అని, సేతిలో ఎట్టి, ఆడు ముయ్యాల. అంతవొరకూ నా వొంతు అవలేదు. నానింకా పరుగులోనే ఉన్నాను."

ఎక్స్‌ప్రెస్సు పోయింది. ప్లాట్‌ఫారం అంతా అదిరి, సర్దుకుంది. నాకు ఏం పుట్టిందో, ఆయనకి వీపు తిప్పి నిలబడి, ఎడమ చెయ్యి వెనక్కి చాచాను. నాకివ్వండి మేష్టారూ అన్నాను. వెనక ఊపిరి వినబడుతోంది, అప్పుడే ఎక్కణ్ణించో పరిగెత్తుకొచ్చినవాడి ఊపిరి. కర్ర తగల్లేదు. మాట రాలేదు.

"బండి కదుల్తాది, పదరా" అన్నాడు చివరికి.

తరవాతి ఏళ్ళల్లో ఆయన చాలామందికి నేర్పాడు. రిటైరయ్యాక ఎచ్చెర్ల దగ్గర, నాగావళి ఒడ్డున తన ఊరెళ్ళిపోయి అక్కడా పిల్లల్ని పోగేశాడు. నేను దారిన పోతే దిగి పలకరించేవాణ్ణి. ఆయనకీ, మేం అమ్మా అని పిలిచే ఆయన భార్యకీ పిల్లల్లేరు. ఎప్పుడు వెళ్ళినా ఆయన అరుగుమీద రోడ్డుకి ఎదురుగా, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూచునేవాడు. ఆవిడ మజ్జిగిస్తే నా ఎడమ చెయ్యే ముందుకెళ్ళేది. ఆవిడ నవ్వి, "ఈ పిల్లల సేతులన్నీ ఈరు పాడుసేసినవే" అనేది. ఆ ఇంట్లో ఒకటి గమనించాను. వాకిలి తలుపుకి గడియ వేసేవారు కాదు. ఎందుకని ఆవిణ్ణడిగితే, "ఈరొప్పుకోరు బాబూ" అంది. ఆవిడ కూడా రోడ్డు వైపే చూసింది.

పోయినేడు మా పాత జట్టు వాట్సాప్ గ్రూపులో మూడోవాడు పెట్టాడు, మేష్టారికి పక్షవాతం, శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉన్నారని. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం. కుడి వైపు పడిపోయింది. మాట పోయింది. కర్ర ఎడమ చేతిలోకొచ్చింది. అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూచునుంది.

"రెండ్రోజుల్నించి ఏటో ఇత్తానని సైగ సేత్తన్నారు బాబూ. సేయి సాపితే ఇవ్వరు, కోపం సేత్తన్నారు. నన్నటు తిరగమంతన్నారు. నాకేటీ తెలీడం లేదు" అంది.

నాకు తెలిసింది.

మంచం పక్కకెళ్ళి, ఆయనకి వీపు తిప్పి నిలబడ్డాను. ఎదురుగా ఆసుపత్రి గోడ, దానికో మేకు, మేకుకి ఏమీ లేదు. ఎడమ చెయ్యి వెనక్కి చాచాను. అరచెయ్యి పైకి, బొటనవేలు విడిగా. వెనక మంచం కిర్రుమంది. ఊపిరి బలంగా లాగుతున్నాడు. "ఇ" అన్నట్టు వినబడింది. మాట కాదు, సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు. మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే. వార్డులో పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు, పట్టపగలు ఒక లావాటి మనిషి గోడకేసి నిలబడి వెనక్కి బిచ్చమెత్తుతున్నాడని. నేను కదల్లేదు.

కర్ర నా అరచేతికి తగిలింది. చల్లగా లేదు. ఆయన చేతి వెచ్చదనం దానికుంది.

మాట రాలేదు.

మూసుకోమని నేను లోపల కేకలు పెట్టాను. అది నా చెయ్యే గాని నా మాట వినే చెయ్యి కాదు. నేను సాకితే పెరిగింది గాని, దానికి చదువు చెప్పింది ఆయన. చీపురుపుల్లకి మూసుకోలేదు, కప్పకి మూసుకోలేదు, ఇప్పుడూ మూసుకోలేదు. కర్ర జారింది. గచ్చు మీద పడి, దొర్లి, మంచం కిందకెళ్ళింది.

తీసి, తిరిగి చూశాను. కళ్ళల్లో నీళ్ళు చెంపల మీదకి కారుతున్నాయి. చూపు నా మొహం మీద లేదు, నా చేతి మీద ఉంది. కర్ర తిరిగివ్వబోతే తల అడ్డంగా ఊపాడు. అలా పుచ్చుకుంటే లెక్కలోకి రాదు. కాసేపు పోయాక ఎడమ చేతి వేళ్ళు మంచం ఇనుప ఊచ వెతుక్కుంటూ వెళ్ళి, దాని మీద ఒక్కసారి తట్టాయి.

టక్.

తెల్లారేసరికి పోయాడు.

పాడె మోయడానికి మేం నలుగురం వచ్చాం. ఎవరూ చెప్పకుండానే వరస కుదిరింది. ఎడమ వైపు కొయ్య ముందు కొస నా కుడి భుజం మీద, దాని వెనక కొస మూడోవాడి భుజం మీద. కర్రని మేష్టారి పక్కన పెట్టారు. ప్రాణంలా చూసుకున్నాడు, ఆయనతోనే పోనీండి అన్నారు ఊరిపెద్దలు. పెద్దవాళ్ళు మంచికే అన్నారు. నాకు మాత్రం కోటబొమ్మాళి కుళాయి దగ్గర విన్న మాటే చెవిలో ఉంది. అది చితిలో కాలిపోతే ఇక ఏ చేతికీ వెళ్ళదు. ఆయన పరుగు ఎప్పటికీ ఆగదు. ఈ సంగతి ఎవరికి చెప్పను? నేను చెబితే నా బిందెల్లో ఇంకో బిందె అనుకుంటారు.

రోడ్డు ఏటివైపు తిరిగేచోట దింపుడు కళ్ళం. పాడె దింపి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఎక్కడైనా మిగిలుంటే పలుకుతుందని. పలకదని అందరికీ తెలుసు. అయినా ఆ పిలిచే కాసేపూ ఎవరూ దగ్గను కూడా దగ్గరు. తలకొరివి పెట్టే చుట్టానికి ఏమని పిలవాలో తోచలేదు. మూడోవాడు వంగి, "మేష్టారూ" అని మూడుసార్లు పిలిచాడు. గాలికి ఆయన జుట్టు కదిలింది. అంతే.

ఆడవాళ్ళు అక్కడితో ఆగిపోవాలి. మేం పాడె ఎత్తాం. కుడి చేత్తో కొయ్య పట్టుకుని నడక మొదలెట్టాను. ఎడమ చెయ్యి ఊరికే వేలాడుతోంది. నాలుగడుగులు వేశామో లేదో, ఎడమ పక్కన, వెనకనుంచి, ఎవరో గబగబా వస్తున్న అడుగుల చప్పుడు.

"ఇందా."

గట్టిగా కాదు. పొడిగా, చివర తుంచేసినట్టు. గ్రౌండులో వడ్ల వాసన మధ్య విన్న మాట.

చెయ్యి వెళ్ళింది. చెక్క తగిలింది. పిడికిలి మూసుకుంది.

నేను వెనక్కి చూడలేదు. పాడె మోసేవాడు చూడకూడదు, నాలుగోవాడు అసలే చూడకూడదు. కర్రతోనే ఏటి దాకా నడిచాను. ఆ తరవాత పాడె తేలికైందని కొట్టులో చెబుతాను. కాలేదు. ఇంకా బరువైంది.

ఏట్లో మునిగి లేచి, తడిబట్టలతో ఒడ్డున కూచున్నాక మూడోవాడితో అన్నాను, మంచి పని చేశావురా, అచ్చం ఆయనలాగే అన్నావని.

"నానన్లేదురా. భుజం మీద మేష్టారుంటే నాకు నోరెలగ వొస్తాది. నాకూ ఇనబడ్డాది. అమ్మనుకున్నాను. కర్ర తీసి నీ సేతిలో ఎట్టింది అమ్మేగదా" అన్నాడు.

సరే, అమ్మే అనుకున్నాను. ఆసుపత్రిలో అంతా చూసిన మనిషి, ఇన్నేళ్ళూ ఆ గొంతు విన్న మనిషి. పాడె ఎత్తే సందట్లో కర్ర తీసుకుని ఉంటుంది. పెద్దకర్మ నాడు వెళ్ళినప్పుడు, నలుగురూ వెళ్ళాక, ఆవిడతో అన్నాను, అమ్మా, ఆ రోజు మీరు అచ్చం మేష్టారిలాగే అన్నారని.

ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"నానేటన్నాను బాబూ? ఏడుపాపుకోనేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. నువ్వప్పటికే సెయ్యి ఎనక్కి సాపీసున్నావు. కాలీగా ఉన్నాదని అందులో ఎట్టేను. నాను మాటాడ్లేదు."

నేను గడప దాటాక వాకిలి తలుపుకి ఆ రోజు గడియ పడింది.

కర్ర ఇప్పుడు మా కొట్టులో, గ్లాసుల వరసకీ పళ్ళేల వరసకీ మధ్య ఉంటుంది. పప్పుగుత్తి పిడి అనుకుని బేరమాడేవాళ్ళున్నారు. అమ్మనని చెప్పి, ఎందుకమ్మనో చెబుతాను. నా కథలు అలవాటైనవాళ్ళు నవ్వేసి, చొక్కా వేసుకున్న కప్ప కథ మళ్ళీ చెప్పమంటారు.

నవ్వనీ. నా నోటిని నమ్మమని నేనూ అనను. కాని నా ఎడమ చేతికి కథలల్లడం రాదు. దానికొచ్చింది ఒక్కటే పని. మాట వినబడకుండా అది మూసుకోదు. ఆసుపత్రిలో మూసుకోలేదు. ఆ రోజు మూసుకుంది.